నూట యాభై మూడు

మూడు పుస్తకాలకే డబ్బుంది.
జాబితాలో పదకొండున్నాయి.
క్వాచాలు మళ్లీ లెక్కపెడుతోంది తివొంగే.
ఎన్నిసార్లు లెక్కపెట్టినా పిల్లలు పెట్టవు నోట్లు.
కిటికీ అవతల మలావీ సరస్సు
ఎవరో పుస్తకాన్ని చదవకుండా తిరగేస్తున్నట్టు
అల మీద అల.

న్కాటా బే ఒడ్డున రేకుల కప్పు కింద మా బైబిల్ బడి.
పద్నాలుగు మంది విద్యార్థులు, రెండు అల్మరాలు,
ప్రవక్తలందరినీ సమానంగా చూసిన చెదలు.
ఏ దేశంలోనో కన్నుమూసిన ఏ పాదిరి గారివో
పెట్టెల్లో వచ్చిన పాత భాష్యాలు:
తొమ్మిదో సంపుటం రెండున్నాయి, పదోది లేదు.
మా యిర్మీయా ఏడుపు
సగంలో ఆగిపోయి ముప్ఫై ఏళ్లు.

ఈసారి మంచివే కొందామన్నాను.
"మంచిదని ఎలా తెలుస్తుంది?" అంది తివొంగే.
అన్నమంతా పట్టి చూడాలా, ఒక్క మెతుకు చాలదూ?
నా మెతుకు యోహాను చివరి అధ్యాయం:
తెల్లవారుజాము, ఒడ్డున నిప్పులు,
చినగని వలలో నూట యాభై మూడు చేపలు.
ఎందుకు అన్నే?

ముజుజు నుంచి తెప్పించిన నమూనా పేజీలు
తరగతిలో చదివి వినిపించాను.

మొదటి పండితుడు
ఒకటి నుంచి పదిహేడు దాకా కూడితే సరిగ్గా అంతేనని
ముగ్గు పెట్టినట్టు చుక్కలు పేర్చి చూపాడు.
పిల్లలు మురిసిపోయారు. నేనూ.

రెండో ఆయన
లోకంలో చేపజాతులన్నీ అన్నేనని
పూర్వం ఎవరో అన్నారని
ఇంకెవరో అన్నారని
పేజీ అడుగున చీమల బారులా సాక్షుల్ని నిలబెట్టి
తీర్పు వాయిదా వేశాడు.

మూడో ఆవిడ రాసింది రెండే వాక్యాలు.
ఎందుకో తెలియదు.
ఎవరో లెక్కపెట్టారన్నది మాత్రం తెలుస్తోంది.

అప్పుడు లేచాడు సంగ్వానీ చవులా,
రాత్రంతా దీపాల పడవలో ఉసిపా పట్టి
మణికట్టు మీద పొలుసులు మెరుస్తుండగా
తిన్నగా తరగతికే వచ్చి, వెనక బల్ల మీద కునికేవాడు.
"ఆ పడవలో ఎంతమంది, అయ్యగారూ?"

వేళ్లు మడిచాను. పేతురు, తోమా, నతనయేలు,
జెబెదయి కొడుకులిద్దరు, పేరు లేనివాళ్లిద్దరు.
"ఏడుగురు."

"మేమూ ఏడుగురమే.
తలా ఇరవై ఒకటి.
ఆరు మిగులుతాయి.
మా దగ్గర మిగిలినవి
ఒడ్డున నిప్పు రాజేసినవాడికి."

కూర్చున్నాడు. మళ్లీ కునుకు.

ఆ రాత్రి పదకొండు పేర్లూ ముందేసుకుని కూర్చున్నాను.
వీళ్లలో ఒక్కరైనా చలిలో తడి తాడు లాగి ఉంటారా?
అలాగని సంగ్వానీ లెక్కే అర్థమని బోధించలేను.
చేప తెలిసినంత మాత్రాన గ్రీకు రాదు.
గ్రీకు వచ్చినంత మాత్రాన,
సరే, నా సంగతి నాకు తెలుసు:
ఒడ్డున పుట్టి
ఇరవై ఏళ్లుగా ఈ అధ్యాయం చెబుతూ
ఒక్కసారీ భాగించి చూడలేదు.

"తెలియదన్న ఆవిడని కొందాం" అన్నాను పొద్దున్నే.
తివొంగే కళ్లజోడు పైనుంచి చూసింది:
"తెలియదని చెప్పడానికి అంత ధరా?"
"తెలిసిన చోట తెలుసనే చెబుతుంది.
రెండింటికీ మధ్య గీత ఎక్కడో చూపుతుంది.
దానికే ధర."
ముగ్గు పండితుణ్ణి తనే చేర్చింది,
పిల్లలు మెలకువగా ఉంటారని.
మూడోది పదో సంపుటం, పాతదే, అతుకులదే.
యిర్మీయాని ఏడ్పు ముగించనిద్దాం.

వానలు ముగిశాక వచ్చింది పెట్టె,
స్టీమరులో, మొక్కజొన్న పిండి బస్తాల మధ్య.
ఆవిడ పుస్తకానికి అంచులు వెడల్పు.
అరువు చీటీలో మొదటి పేరు సంగ్వానీది.
గడువు దాటి తొమ్మిది రోజులు.

తివొంగే జరిమానా వేసింది:
రోజుకు ఏడు ఉసిపాలు, ఎండబెట్టినవి.
వసారాలో చాప పరిచి
ఒక్కొక్కటే
పైకి లెక్కపెట్టి తీసుకుంటోంది.