వెనక దీపాలు

ఈ ఎడారిలో మంచు మేమే కురిపిస్తాం.
గొట్టం మూతి తిప్పితే బుస్సుమని
గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువు పొడి
ఎనిమిది మీటర్ల అద్దం మీద జారి
దుమ్మును వెంటబెట్టుకుని కిందికి పోతుంది.
నా పేరు దోమితిలా సెల్తి.
పదకొండేళ్ళుగా నాకిదే పని,
నీళ్ళు తగలకుండా అద్దానికి ముఖం కడగడం.

నేను అందులోకి చూడను.
చూస్తే నా గడ్డమే కనిపిస్తుంది, గుమ్మడికాయంత.
చూసేవాళ్ళు వేరే ఉన్నారు, ఇగ్నాస్ లాంటివాళ్ళు.
లిథువేనియా నుంచి వచ్చి, పగలంతా పడుకుని,
రాత్రి రెండింటికి క్యాంటీన్‌లో చారు ముందేసుకుని
ఒక అంకె గురించి గొణుక్కునేవాళ్ళు.

"పాత వెలుగును అడిగితే అరవై ఏడంటుంది.
దగ్గరి నక్షత్రాలను అడిగితే డెబ్భై మూడు.
విశ్వం ఒకటే కదా దోమితిలా,
విచ్చుకునే వేగం రెండెలా అవుతుంది?"

దేనికి అరవై ఏడు అన్నాను.
ముప్పై రెండు లక్షల కాంతి సంవత్సరాల దూరానికి
సెకనుకు అన్ని కిలోమీటర్లట.
నాకు కలామా దాకా రోడ్డు తెలుసు. అది దాటితే
కిలోమీటరు మీద నాకు నమ్మకం లేదు.

మరి దూరమెలా కొలుస్తారు?
అక్కడ ఒకే తీరున వెలిగే దీపాలున్నాయట.
ఎంత మసకగా కనిపిస్తే అంత దూరమట.

అది నాకు తెలుసు.
రూపెర్తో రాగి గని లారీ తోలే రోజుల్లో
పిట్టగోడ మీద కూర్చుని
వెనక దీపాలు రెండూ చూస్తుండేదాన్ని.
చింతనిప్పుల్లా ఉంటే ఇంకా ఉప్పునేల దగ్గరే,
మిణుగురులంతైతే మలుపు దగ్గర,
రెండూ ఒకటైపోతే
ఇక లేచి పొయ్యి ఆర్పడమే.

ఒక రాత్రి మరీ త్వరగా మసకబారాయి.
అప్పుడే అంత దూరం పోయాడా అనుకుని
లోపలికెళ్ళి గడియ పెట్టాను.
తెల్లారి తెలిసింది, ఇంజను పాడై
అర కిలోమీటరులోనే ఆగిపోయాడని.
దీపాల మీద అంగుళం దుమ్ము.
రాత్రంతా చలిలో నన్ను పిలిచాడట.

"దుమ్ము చూశారా?" అన్నాను ఇగ్నాస్‌తో.
చెంచా కింద పెట్టేశాడు. నవ్వలేదు.
దాని మీదే, అన్నాడు,
ఇన్నేళ్ళుగా మేం కొట్టుకుంటున్నది.
పైన అంతరిక్షంలో ఉన్న కొత్త దూరదర్శినికి
దుమ్ముచాటు వెలుగు కూడా అందుతుంది.
చూశాం. దుమ్ము లెక్క తీసేశాం.
అంకె కదల్లేదు.

కాసేపు ఏమనాలో తోచలేదు.
అంటే ఈసారి తప్పు దుమ్ముది కాదు.
ఆ దీపాలు నిజంగానే
మనమనుకున్నదానికంటే వేగంగా పోతున్నాయి.

రూపెర్తో చివరిసారి బయల్దేరినప్పుడు
దీపాలు నా కొంగు గుడ్డతోనే తుడిచి పంపాను.
శుభ్రంగానే మసకబారాయి.
ఈ సంగతి ఇగ్నాస్‌కు చెప్పలేదు.
చారు చల్లారింది, వేడి చేసుకోమన్నాను.

కొండ దిగేటప్పుడు పెద్ద లైట్లు వేయకూడదు.
చిన్న దీపాలతో, దారిని కాలితో తడుముతున్నట్టు
జీపు మెల్లగా దిగుతుంది.
ఎక్కేముందు వెనక్కి వెళ్ళి
రెండు దీపాలూ చేతిరుమాలుతో తుడుస్తాను.
డ్రైవరు హారన్ కొడతాడు.
రేపు మూడో నంబరు అద్దం.