ఎడమ రెక్క

కర్నూలు నుంచి కారులో ముగ్గురొచ్చినారు.
చెప్పులు బయటే విడిచి, షెడ్డంతా తిరిగి,
గోడకు ఆనించిన బండల్ని వంగి వంగి చూసి
ఒకాయన అడిగె:
"అన్ని బొమ్మల్లోనూ ఏదో ఒక మూల ఈ చిలుక ఏంది?
దానికి ఎడమ రెక్క ఏది?"

నేను నోరు తెరిచే లోపలే
తెగిన స్వేచ్ఛ అని రెండో ఆయన తేల్చేసినాడు.
ఆ పక్కనామె పుస్తకంలో రాసుకునింది.
నేను టీ తెప్పించినా.

బేతంచెర్లలో రాయికేం కొదవ?
పాలిష్ ఫ్యాక్టరీల వెనక
మూల విరిగిన నాపబండలు గుట్టలుగా పడుంటాయి.
ఫ్లెక్సీలొచ్చినంక
షట్టర్లకు నా అక్షరాలతో పని లేకపోయె.
చేతికేమో ఊరకుండేది తెలీదు.
ఒకనాడు ఒక బండ తెచ్చుకున్నా, అంతే.

చిలుక సంగతి చెప్పాలంటే
నలభై ఏండ్లు వెనక్కి పోవాల.
వీధికంతా ఒకటే కొళాయి.
నాలుగు దినాలకోసారి, అదీ
రాత్రి రెండుకో మూడుకో.
మనుషులు నిద్రపోతావుంటే
వరసలో బిందెలు మేలుకొనుండేవి;
బిందె చాలనోళ్ళ తరఫున ఒక ఇటుక, ఒక తెగిన చెప్పు.
అన్నీ సత్తు బిందెలే. సొట్టలు గూడా ఒకటే తీరు.
నాది నీదని మా అమ్మ ఉసేనమ్మ
ఎవరో ఒకరితో కొట్లాడందే ఇల్లు చేరేది కాదు.

నేనప్పుడు ఓబులేసు మేస్త్రి కింద
లారీల వెనక హారన్ కొట్టమని రాయను నేర్చుకుంటాన్నా.
"నీ పేరు రాసిస్తాలేమ్మా" అంటే
"రాస్తే నాకేం తెలుస్తాదిరా" అనింది.

డబ్బా అడుగున మిగిలిన పచ్చరంగు.
ముక్కుకు, లారీ బంపరుకు పూయంగా మిగిలిన ఎరుపు.
చిలుకనే అనుకొని వేసినా.
కోడిపిల్ల అని నవ్వినారు వీధిలో.
ఆమె మాత్రం దీపం లేని చీకట్లో
వేలితో తడిమి "ఇదే నాది" అనింది.
జన్మకంతా మా అమ్మ చదివిన అక్షరం అదొక్కటే.

ఆ రాత్రి రంగు ఆరకముందే నీళ్ళొచ్చినాయి.
చంకనెత్తుకుంటే రెక్కలో సగం
చీరకంటుకొని పోయింది.
మిగిలిన సగం, నడుముకు ఒరుసుకొని ఒరుసుకొని,
ఏ ఏడు పోయిందో తెలీదు.
మళ్ళీ వేస్తానంటే వద్దనింది.
"ఉన్న రెక్కకే నీళ్ళొస్తాండాయి గదా."

ఇదంతా వాళ్ళకు చెప్పలేదు.
తెగిన స్వేచ్ఛ అంటే బేరం లేకుండా తీసుకున్నారు,
నేనెందుకు చెడగొట్టుకోవాల?

బండ ఎత్తబోతే లేవలేదు.
డ్రైవరు పిల్లోడిని పిలిచినారు. తెల్లచొక్కా వాడిది.
రెండు చేతుల్తో గుంజి, ఆపసోపాలు పడతావుంటే
చూడలేక చెప్పినా:
"చేతుల్తో గాదు నాయనా, నడుముకు ఆనించుకో."

రంగు ఇంకా ఆరలేదని
చెప్పడం మరిచిపోయినా.