నల్లగుడ్డకు నాలుగో గిరాకీ

నా అంగట్లో నల్లగుడ్డకు
ముప్పై ఏళ్లుగా మూడే గిరాకీలు.
ఎండాకాలం సెలవులయ్యాక ప్లీడర్ల గౌన్లు,
కార్తీకం ముందర స్వాముల చొక్కాలు,
ఏడాది పొడవునా మా వీధి బురఖాలు.
నలుపు మీద నలుపు కుడితే కళ్లు పోతాయనేవాడు మా అబ్బా,
సూది ఎక్కడ దిగిందో దారానిక్కూడా తెలీదంట.

పేరులోనే రాతి ఇల్లుండి
రాతి ఇల్లు ఒక్కటీ కనపడని మా స్టోన్‌హౌస్‌పేటలో
నాలుగో గిరాకీ మొన్న శ్రావణంలో వచ్చింది.
పేరు కామాక్షి. బీకాం రెండో ఏడు.
చంకలో అట్ట ఊడిన లైబ్రరీ పుస్తకం,
మొదటి పదహారు పేజీలు చెదలు తినేసినాయి.
"దీంట్లో ఉండే కోటు కుట్టాల కాలేషన్నా" అనింది.
బొమ్మ ఏదమ్మా అంటే బొమ్మ లేదు.
వానలో కొండమీద కోట,
మెట్లు దిగే ఒక ఆకారం,
'చెవులదాకా లేచిన కాలరు' అని ఒకే ఒక్క వాక్యం.
ఆ వాక్యానికి కొలతలు తీసుకోమంటది!

మెడ పదమూడు. భుజం పద్నాలుగున్నర.
పొడవు?
"నేల తుడవాల."
ఏ నేల తల్లీ,
చేపల బండి నీళ్లూ, తవ్వి పూడ్చని కాలవ బురదా, ఈ నేలనా?
రెండంగుళాలు తగ్గించి రాసుకున్నా. చెప్పలేదు.

పెన్నా ఇసక మీంచి వడగాలి కొట్టే ఊర్లో
మంచుదేశం బట్టెందుకు నీకు?
నలుపు తొడిగి ఎవురింటి పేరంటానికి పోతావు?
అడిగేసినా. అడక్కుండా ఉండాల్సింది.

"ఇట్టాంటి కథలన్నింట్లో
ఆడపిల్ల తెల్లగౌనుతో, చేతిలో దీపంతో
పరిగెత్తతానే ఉంటదన్నా.
రాత్రి ట్యూషన్ నుంచి వచ్చేటప్పుడు
ఆ పరుగు నేనూ పరిగెత్తినా.
ఆమె బట్ట నాకొద్దు.
మెట్లు దిగి వస్తాడు చూడు, వాడిది కావాల."

నా కత్తెర కాసేపు నోరు తెరుచుకునే ఉండింది.

కాలరు నిలబడలా.
బక్రం రెండు పొరలేసినా
ఉక్కకి తమలపాకు మాదిరి వాలిపోయింది.
ఆఖరికి తాటాకు ఈనెలు చీల్చి లోపల దోపినా,
అప్పుడు లేచింది, ఎవురో పిలిచినట్టు.
లోపలి గుడ్డ ఎర్ర శాటిన్,
ఏదో పెళ్లి పందిట్లో మిగిలింది.

ఆ రాత్రి కరెంటు పోయింది.
ఫ్యాను ఆగినాక కూడా
హ్యాంగరు మీద కోటు అటు తిరిగింది, ఇటు తిరిగింది.
నేను కుట్టిందే. నా చెమట వాసనే.
అయినా బిస్మిల్లా అనుకున్నా.

పుస్తకంలో ఆ ఆకారం అద్దంలో కనపడదంట.
మా అంగడి అద్దం అంతకన్నా పాతది,
పైన పాదరసం ఊడి
ఎవురు నిలబడినా మెడ వరకే చూపిస్తది.
కామాక్షి కోటు తొడిగి,
మోకాళ్లు వంచి,
తలను అద్దంలోకి తెచ్చుకుంది.
చానాసేపు చూసుకుంది. నవ్వలా.

నూటయాభై బాకీ పెట్టి వీధిలోకి దిగింది.
టీ బంకు కాడ పిలకాయలు ఏదో అనబోయినారు.
ఒకడు మాత్రం "స్వామి శరణం" అన్నాడు,
ఎగతాళో, భయమో.
దారి అయితే ఇచ్చినారు.

వినాయక చవితి పోయినాక ఇంకో ఇద్దరు వచ్చినారు,
ఫోన్లో ఆ కాలరు ఫోటో చూపిస్తా.
పుస్తకం సంగతి వాళ్లకి తెలీదు. అడగలేదు కూడా.
తాటాకులు మాత్రం మళ్లీ తెప్పించినా.

కామాక్షి పుస్తకం ఇక్కడే మరిచిపోయింది.
గిరాకీ లేని మధ్యాహ్నాలు
పదిహేడో పేజీ నుంచి చదవతా ఉండా.
ఆ కాలరు మొదట ఎందుకు లేచిందో
చెదలు తిన్న ఆ పదహారు పేజీల్లో
రాసే ఉంటారు.