ఏడున్నూ నలభై

యుద్ధం అయిపోయాక ఇది ఏడో శీతాకాలం.
వాళ్ళని మళ్ళీ పిలిచారు.
కాగితం మీద ఆ దేశం పేరు
మిగతా పేర్ల మధ్య, అక్షరక్రమంలో,
ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

హామర్‌లో, సరస్సు ఒడ్డున,
తెల్లవారుజామునే ట్రాక్ మీద నీళ్ళు పోసి గడ్డకట్టించారు.
గీత దగ్గర ముగ్గురం:
రొట్టెల బట్టీ తోర్‌లైఫ్, లెక్కల మాస్టారు, నేను.
మూడు గడియారాలు, మూడు బొటనవేళ్ళు.

నా వేలికి ఈ పని కొత్త కాదు.
మా బడి మీద వాళ్ళ జెండా ఎగిరిన ఐదేళ్ళూ
వాళ్ళు పెట్టిన పందాల్లో మావాళ్ళు కాలు పెట్టలేదు.
ఖాళీ బెంచీలకే బాండు వాయించుకున్నారు.
మా పందాలు అడవిలో, కొలను మీద, వెన్నెల రాత్రుళ్ళు.
చప్పట్లుండవు. చేతులకి ఉన్ని తొడుగులు, నోటికి భయం.
అన్న ఆస్‌లాక్ దూసుకుపోతుంటే
నాన్న రైల్వే గడియారం నా అరచేతిలో
చేపపిల్లలా కొట్టుకునేది.
స్కేట్ల అంచు మంచుని కోస్తుంటే
కొత్త గుడ్డ చింపుతున్న చప్పుడు.
"ఎంత?" అనేవాడు రొప్పుతూ, మోకాళ్ళ మీద చేతులు పెట్టి.
ఒక్కోసారి అర సెకను తగ్గించి చెప్పేదాన్ని.
వాడికి తెలుసు. నవ్వేవాడు.

ఓ మార్చి నెలలో తీసుకుపోయారు.
తిరిగొచ్చింది ఒక జాబితా.
అందులోనూ అక్షరక్రమమే.

ఇవాళ గీత దగ్గర నిలబడ్డ కుర్రాడి పేరు లోథార్.
ఇరవై ఉంటాయేమో. అంటే అప్పటికి
ఇంకా పాలపళ్ళు ఊడుతుండే వయసు.
లెక్క సరిగ్గానే ఉంది. లెక్కలు నన్ను ఓదార్చవు.
మోచేతి దగ్గర చొక్కాని వేరే రంగు దారంతో కుట్టారు.
ఎవరు కుట్టారో, ఏ దీపం ముందో,
నాకెందుకు.

మావాడు గీత మీదికి వచ్చినప్పుడు
మూడు వేల గొంతులు పగిలాయి.
ఇతను వచ్చినప్పుడు
మంచు రాలుతున్న చప్పుడు వినపడింది.
ఎవరన్నా ఈలవేసి గేలి చేసినా బావుండుననుకున్నాడేమో.

తుపాకీ పేలింది.
భుజాలు ఉలిక్కిపడ్డాయి, మావీ, అతనివీ.

నడుం వంచి వస్తున్నాడు. చివరి మలుపు.
నా వేలి కింద చిన్న ఇనుప బొడిపె.
కాస్త ఆలస్యంగా నొక్కితే?
నొక్కినా తేడా రాదు.
మూడింటిలో మధ్యది తీసుకుంటారు.
గింజల్లోంచి మట్టిబెడ్డని చెరిగేసినట్టు
నా అబద్ధాన్ని నియమమే బయటికి విసిరేస్తుంది.
పగ తీర్చుకోవడానికి ఇంతే జాగా,
అదీ పనికిరానిది.

నొక్కాను.
గీత దాటిన క్షణానే నొక్కాను.
క్షమ కాదు, ఆ మాట నాకు అంటగట్టకండి.
నాకు రాసిపెట్టిన అబద్ధాలన్నీ
ఆస్‌లాక్ అర సెకన్లకే ఖర్చయిపోయాయేమో.

మూడు గడియారాలూ ఒకటే చెప్పాయి.

అతను జారుకుంటూ వెనక్కొచ్చాడు.
మోకాళ్ళ మీద చేతులు. నోట్లోంచి ఆవిరి.
కనుబొమ్మలెగరేశాడు: ఎంత?

కిందటి వేసవిలోనే సర్కారు హుకుం వేసింది,
అంకెలు కొత్తగా పలకాలని. నలభై ముందు, ఏడు తరవాత.
టెలిఫోను అమ్మాయిలు తికమక పడకూడదట.
రేడియో నేర్చుకుంది. పిల్లలు నేర్చుకున్నారు.
నా నాలుక మాత్రం
అమ్మ గుడ్లు లెక్కపెట్టినట్టే
"ఏడున్నూ నలభై" అనేసింది.

అతని మొహం విచ్చుకుంది.
వాళ్ళూ అలాగే లెక్కపెడతారు.
"ఏడున్నూ నలభై," తన మాటల్లో తిరిగి అన్నాడు,
మెల్లగా, తప్పుపోతుందేమో అన్నట్టు.

నేను తల తిప్పుకుని కాగితం మీద రాశాను.
అంకెల్లో రాస్తే నాలుగే ముందొస్తుంది, ఎవరికైనా.
కుడిచేతి తొడుగు ఎక్కడ పారేసుకున్నానో,
బొటనవేలు
సాయంత్రం దాకా వేడెక్కలేదు.