ఎనిమిదో బెజ్జం

మూడు రోజుల ముసురు విడిచిన తెల్లారి
పూతలపట్టు దాటినాక బస్సు మమ్మల్ని దించేసి
వచ్చిన దోవనే వెనక్కి పోయింది.
ముందర రోడ్డు లేదు.
చెరుకుతోట మెడదాకా మునిగి
తలలు మాత్రం ఆడిస్తోంది.
ఆ ఎర్రనీళ్ల నడుమ కర్రిగుట్ట
వీపు తడిసిన బర్రెలా పడుకుని ఉంది.

"దాన్నెక్కి అవతల దిగితే మా ఊరే" అనింది
చిన్నత్త వళ్లెమ్మ, కుచ్చిళ్లు ఎగదోపుతా.

పదకొండేళ్లుగా నేను ఏడో తరగతికి
అగ్నిపర్వతం బొమ్మ గీస్తున్నాను.
ఎర్ర సుద్దతో లావా,
చుట్టూ నీలం సుద్దతో సముద్రం,
పరీక్షలో నాలుగు మార్కులు.
నిప్పు చల్లారిన రాయిని మాత్రం
ఒక్కనాడూ చేత్తో తాకింది లేదు.

పాదం పెట్టగానే తెలిసింది
ఇది మా వీధి తెల్లగుండు కాదని.
అది కాలికి గరుకు గరుకుగా జవాబిస్తుంది.
ఇది తడిసిన ఇనుప పెనం, ఏమీ చెప్పదు.
బండ మీద బండ, ఎవరో పోగేసి మరిచిపోయినట్టు.
సందుల్లో సీతాఫలం చెట్లు,
ఒకచోట పాము విడిచిన కుబుసం, ఇంకా మెత్తగానే.
నాకు నలభై, ఆమెకు అరవై ఆరు.
నేను నాలుగు కాళ్ల మీద పాకుతుంటే
ఆమె నెత్తిన టిఫిన్ క్యారియర్ కదలకుండా
"ఆ రాయి మీద పెట్టొద్దు మే, అది అబద్ధాలాడతాది" అనింది.
అప్పటికే పెట్టేశాను.

నెత్తికెక్కి చూస్తే నలుదిక్కులా నీళ్లే.
కరెంటు స్తంభాల మీద కొంగలు.
చెరువేదో చేనేదో కట్ట కూడా మరిచిపోయింది.
"సముద్రమంటే ఇట్లే ఉంటాదా?"
ఇంకా పెద్దది.
"నీళ్లు ఉప్పా?"
ఉప్పే.
"అయితే ఇదే మేలు."

సంగటి ముద్ద విరిచి ఊరిబిండి అద్దుకుంటూ
నాకు తెలిసిన నాలుగు మార్కుల జవాబు చెప్పాను.
నేల లోపల రాయి కరిగిందనీ
చీలిక వెంబడి పైకి తోసుకొచ్చిందనీ
ఆకాశం చూడకుండానే దోవలో గట్టిపడిందనీ
పైన మట్టంతా కొట్టుకుపోయాకే
ఇట్లా బయటపడిందనీ.
ఆమె నమలడం ఆపింది.
జ్వరం చూసినట్టు
బండ నుదుటి మీద చెయ్యి పెట్టింది.
"బయటికి రాకుండానే ఆరిపోయిందా" అనింది.
"మీ మామ మాదిరే."

మామ నోరు విప్పేవాడు కాదు.
ఈ గుట్టలోనే కూలి, ఈ నల్లరాతికే.
మా ఇంటికొస్తే గడప దగ్గరే కూర్చుని
గోళ్లలోని దుమ్ము అగ్గిపుల్లతో తీసుకునేవాడు.

దిగే వైపు క్వారీ ఉంది.
మూతపడి తొమ్మిదేళ్లు.
గుట్టను కేకులా కోసి వదిలేసినారు.
తుప్పుపట్టిన తాడు, లారీ టైరు, టైరులో తుమ్మమొక్క.
నిలువు గోడ అంచున వరుసగా బెజ్జాలు,
బండ చీల్చడానికి సుత్తీ ఉలీ పట్టి తొలిచినవి.
అత్త చీపురుపుల్ల ఒకటి వెతికి తెచ్చింది.
ఒక్కో బెజ్జంలో ముంచి తీసి
తడిసినంత మేర గోరుతో పట్టి చూసింది.
ఒకటి, రెండు, మూడు,
అన్నీ ఒకే లోతు, ఒకే నిలువు.
ఏడు దాకా అంతే.

ఎనిమిదోది వంకర.
పుల్ల లోపల ఎక్కడో తగిలి విరిగింది.

"ఆ పొద్దు నేను అన్నం కట్టీలేదు" అనింది.
ఎందుకని అడగలేదు నేను.
ఆమె చెప్పనూ లేదు.
వంగి, చూపుడువేలు లోపలికి పోనిచ్చి
గబుక్కున వెనక్కి తీసుకుంది.

కప్ప.
బొటనవేలి గోరంత.
మూడు రోజుల వాననీళ్లలో
కోట్లేళ్ల కిందటి నిప్పులో
గొంతు ఉబ్బించుకుంటా కూర్చోనుంది.

"ఉండనీలే" అని అత్త
క్యారియర్ అడుగు గిన్నెలో మిగిలిన సంగటి మెతుకు
బెజ్జం అంచున పెట్టింది.
కప్పలు సంగటి తినవని నాకు తెలుసు.
టీచర్ని గదా, నోటిదాకా వచ్చింది.
మింగేసి, ఆమె వెనకాలే దిగినాను.