గురువారం దెయ్యం

కొత్త సినిమా కువైట్‌కి గురువారం రాత్రే వస్తుంది,
ఊళ్లో కంటే ఒక పూట ముందు.
ఆ ఒక్క విషయంలోనే మేము ముందు.
టికెట్ మూడున్నర దినార్లు.
అబ్బాసియాలో మా రూముకు తొమ్మిది మందిమి,
చందా వేసి ఒకణ్ణి పంపుతాం.

ఈసారి వంతు ఖాదర్‌వలిది.
రాయచోటి మనిషి, అబద్ధం చెప్పడు,
అదే మా బాధ.
ఒంటిగంటకు వచ్చి చెప్పులు విడుస్తూనే
"ఫస్టాఫు నిద్రపోయినా.
సెకండాఫులో సౌండుకు మేలుకున్యా, అంతే" అన్నాడు.
ఫైట్లు? ఆరు.
హీరోయిన్?
"పాటల్లో వచ్చి పోయింది, మన జీతం మాదిరి."

అప్పుడు లింబాద్రి దిండు కింది నుంచి తీస్తాడు
రబ్బరు బ్యాండు చుట్టిన పాత హార్డ్ డిస్కు.
నూటపదకొండు దెయ్యాల సినిమాలు,
ఒక్కటీ వారం ఆడింది కాదు.
పొరపాటున మంచిది దొరికితే చెరిపేస్తాడు.
"మంచి దెయ్యం నిద్ర చెడగొడ్తది,
పాడు దెయ్యం జోకొడ్తది" అంటాడు.

ఉల్లిగడ్డల సంచి మీద ల్యాప్‌టాప్.
సులేమానీ గ్లాసులు. ఏసీ గురక.
పున్నమి రాత్రట, కిటికీలో ట్యూబ్‌లైటు.
వందేళ్ల బంగ్లాకి తడారని సున్నం.
దెయ్యం కంటే ముందు
గోడ మీద తాడు నీడ వస్తుంది.
తెల్లచీర, విరబోసిన విగ్గు, ఎడమచేతికి వాచీ.
"పదకొండూ ఇరవై! పాపం, ఓవర్‌టైము"
అంటాడు పి.గన్నవరం అబ్బులు, ప్రతిసారీ,
ప్రతిసారీ నవ్వుతాం.

"ఆపుండ్రి."
రాజలింగు.
ఏడేళ్లలో సినిమా గురించి నోరు విప్పని మనిషి
మంచం దిగి, కళ్లద్దాలు పెట్టుకుని,
ఆగిపోయిన దెయ్యం కొంగు మీద వేలు ఆనించాడు.
"ఈ బట్ట సిరిసిల్లది.
అంచుకు ఒక పోగు వదులున్నది, సూడుండ్రి.
మా సేటు సాంచాలు అన్ని గట్లనే నేసేటియి.
నేను నేసిందే గావచ్చు."
ఇంకేం అనలేదు.
"ఊఁ, పెట్టు" అన్నాడు, నిలబడే చూశాడు.

దెయ్యం మెట్లు దిగింది.
మేకు తగులుతుందేమోనని ఊపిరి బిగబట్టాం.
తుమ్మ ముళ్లలో పరిగెత్తింది,
"మెల్లగ పోవే" అన్నాడు ఎవడో, నవ్వకుండా.
పదకొండుసార్లు చూసిన బొమ్మకు
మొదటిసారి భయపడ్డాం, చీర కోసం.

చివర్లో మంత్రగాడు నిప్పు విసిరాడు.
"పాలిస్టరు కాలది," అన్నాడు రాజలింగు మెల్లగా,
"కరుగుతది."
కానీ మంట కంప్యూటరుది.
దాని వెనక బట్ట
ఉతికి ఆరేసినట్టు తెల్లగా ఊగుతూనే ఉంది.

కళ్లద్దాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.
"మంచిగున్నది సినిమా."

లింబాద్రి చెరిపే మీట మీద వేలు పెట్టాడు,
తీశాడు,
మళ్లీ పెట్టాడు.
మా తొమ్మిదిమందిలో
ఎవరం ఏమీ చెప్పలేకపోయాం.