లెక్కకు రాని చుక్క

ఆ ఏడు మా రాగి బట్టీని
ఎద్దుబండి మీద తీసుకుపోయారు.
రసీదులో రాసింది: పాత లోహం, ఎనభై కిలోలు.
గాంచో తాత సంతకం పెట్టి
వేళ్ళు వాసన చూసుకున్నాడు, అలవాటు కొద్దీ.

ఇక పొలం అందరిదీ.
కోత ఎనిమిదింటికి,
బ్రిగేడ్ నాయకుడు హాజరుపట్టీ తెచ్చాక.
మంచు ఆరిన గులాబీలో నూనె మిగలదని
దొన్కా అవ్వకు తెలుసు.
తూకానికి తెలీదు.
గోనెసంచి మీద రెండు చెంబుల నీళ్ళు కుమ్మరించింది,
కోటా నిండింది.

మరుసటేడు కజన్లక్ దారిలో సగం తోట పీకి
పొద్దుతిరుగుడు వేశారు.

మొన్న అవ్వ పెట్టెలో
ఉన్ని మేజోడులోంచి సీసా దొర్లింది.
అడుగున పేరుకున్న ఒక్క చుక్క
నా అరచేతి వేడికి కరిగింది.

ఏ ఏటిదవ్వా అన్నాను.

"తెల్లవారుజాము నాలుగింటిది."